తెల్లబట్టల వెనక చాకిరేవు

1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సినిమాని మన స్త్రీవాద విమర్శ తగినంతగా పట్టించుకోలేదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. (బుచ్చిబాబు నవలకీ దీనికీ పేరు తప్ప మరే సంబంధమూ లేదు.) అశుతోష్ ముఖర్జీ బెంగాలీ కథ 'నర్స్ మిత్ర' దీనికి మూలం. ఆ కథ 1959లో అసిత్ సేన్ దర్శకత్వంలో సుచిత్రా సేన్‌తో 'దీప్ జ్వేలే జాయ్' అయింది. మరుసటేడు గుత్తా రామినీడు దర్శకత్వంలో సావిత్రితో తెలుగులోకి, దశాబ్దం తర్వాత వహీదా రెహ్మాన్‌తో 'ఖామోషీ' పేరుతో హిందీలోకి వచ్చింది. మూడింట్లోనూ విషయం ఒకటే. మతి చలించిన మగ రోగిని బాగు చెయ్యడానికి నర్సు అతన్ని ప్రేమిస్తున్నట్టు నటించాలి. అది ఆమెకి డాక్టరు అప్పగించిన డ్యూటీ. రోగి బాగుపడి వెళ్లిపోతాడు. నటించలేక నిజంగానే ప్రేమించిన నర్సు అదే ఆస్పత్రిలో రోగిగా మిగిలిపోతుంది.

ఈ కథలో నర్సు మనసుని ఎలా వాడుకున్నారో చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. అది కథలోనే ఉంది. నన్ను ఆపింది వేరే విషయం. ఆమె వేసుకునే తెల్లబట్టలు. నర్సు అనగానే మన సినిమాకీ కథకీ ముందు గుర్తొచ్చేది ఆ తెలుపే. అది పాత్ర స్వభావానికి గుర్తు. స్వచ్ఛత, త్యాగం, కొంచెం వైధవ్యం కూడా. డ్యూటీ మొదట్లో ఎంత తెల్లగా ఉందో చివర్లోనూ అంతే తెల్లగా ఉంటుంది. మనిషి నలిగిపోతుంది, బట్ట నలగదు. రక్తం, చీము, వాంతి, అయోడిన్, జెన్షన్ వయొలెట్ మధ్య ఎనిమిది గంటలు తిరిగే మనిషి బట్టలు అలా ఎలా ఉన్నాయని ఏ కథకుడూ అడగలేదు. ఎవరు ఉతికారు? ఎక్కడ? ఎవరి సబ్బుతో, ఎవరి నీళ్లతో?

ఈ ప్రశ్నలు సాహిత్య విమర్శకి చిన్నవనిపించవచ్చు. పుస్తకాన్ని చెండాడితే 'ఉతికి ఆరేసింది' అని మనమే మెచ్చుకుంటాం కదా, ఆ మాట ఎవరి పని నుంచి అరువు తెచ్చుకున్నామో కాస్త చూడటంలో తప్పులేదు.

అసలు నర్సు మొదట్నుంచీ తెల్లబట్టల్లో లేదు. డికెన్స్ 1843-44లో ధారావాహికగా రాసిన 'మార్టిన్ చజిల్విట్'లో సేరీ గాంప్ అనే నర్సు వెలిసిపోయిన నల్ల గౌనులో, నస్యం మరకలతో, గొడుగు చంకలో పెట్టుకుని వస్తుంది. తాగుబోతు, తిండిపోతు. పనికిమాలిన పాత నర్సుకి ఇంగ్లీషు సాహిత్యం ఇచ్చిన నమూనా ఆమె. డికెన్స్ హాస్యం గొప్పదే. కానీ ఆ హాస్యం ఎవరి మీద అన్నది కూడా చూడాలి. కాన్పులకీ చావులకీ పిలిచిన చోటికల్లా వెళ్లి, రాత్రుళ్లు మేలుకుని బతికే ముసలి పేదరాలి మురికి బట్ట మీద అది. ఆమెకి రెండో గౌను ఉందా, ఉంటే ఉతుక్కునే తీరిక ఉందా అన్నది నవలకి పట్టదు.

సేరీ గాంప్‌కి విరుగుడుగా నిలబెట్టిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో స్కుటారి చేరినప్పుడు ఆమె నర్సుల యూనిఫాం తెలుపు కాదు. బూడిదరంగు ముతక ఉన్ని గౌను, పొట్టి ఉన్ని దుప్పటి, భుజానికి అడ్డంగా స్కుటారి హాస్పిటల్ అని ఎర్రదారంతో కుట్టిన పట్టీ. అమెరికా అంతర్యుద్ధంలో నర్సుల నియామకం చూసిన డొరతియా డిక్స్ 1862లో పెట్టిన నియమం కూడా అదే దారి. గోధుమ, బూడిద, నలుపు రంగులే వేసుకోవాలి, అలంకారాలు కూడదు. ముదురు రంగు మురికిని దాస్తుంది. ఉతకడం కష్టమైన చోట మనుషులు ముదురురంగే కట్టుకుంటారు.

మార్పు ఎప్పుడొచ్చిందో చూడాలంటే థామస్ ఈకిన్స్ గీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాలి. 1875 నాటి 'గ్రాస్ క్లినిక్'లో సర్జన్లు నల్లకోట్లతోనే శస్త్రచికిత్స చేస్తుంటారు. డాక్టరు చేతికి నెత్తురు. ఆ బొమ్మలో ఉన్న ఒకే ఒక స్త్రీ, రోగి తల్లి అంటారు, మొహం కప్పుకుని ముడుచుకుపోయి ఉంటుంది. 1889 నాటి 'ఆగ్న్యూ క్లినిక్'కి వచ్చేసరికి డాక్టర్లు తెల్లబట్టల్లోకి మారిపోయారు. ఇక్కడ కూడా పనిలో ఉన్న స్త్రీ ఒక్కతే. కానీ ఆమె నర్సు. టోపీ, తెల్ల ఏప్రన్‌తో, మొహం కప్పుకోకుండా, నిటారుగా నిలబడి ఉంటుంది. కళాచరిత్రకారులు ఈ పద్నాలుగేళ్ల తేడాని క్రిమి సిద్ధాంతం విజయంగా చెబుతారు. అది నిజమే. రోతపడే తల్లి స్థానంలో చదువుకున్న నర్సు రావడం స్త్రీల చరిత్రలో కూడా ఒక మెట్టే. నాకు కనిపించేది ఇంకొకటి ఉంది. నల్లకోటు నెత్తురుతో అట్టకట్టినా మర్నాడు మళ్లీ తొడుక్కోవచ్చు, పాతకాలపు సర్జన్లు తొడుక్కునేవారు కూడా. తెల్లకోటుని అలా తొడుక్కోలేరు. అంటే రెండో బొమ్మలో ప్రతి తెల్లబట్ట వెనకా ఆ రాత్రి కాగు ముందు నిలబడబోయే ఒక మనిషి ఉంది. బొమ్మలో ఆమెకి చోటు లేదు.

నైటింగేల్ దగ్గరికి మళ్లీ రావాలి. ఆమె పేరు చెప్పగానే దీపం గుర్తొస్తుంది. దానికి కారణం కవిత్వం. లాంగ్‌ఫెలో 1857లో రాసిన 'సాంటా ఫిలొమినా' ఆ దీపాన్ని స్థిరపరిచింది. మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది ఆ దీపమే. కానీ స్కుటారిలో ఆమె చేసిన పనుల్లో దీపానికంటే ముందు చెప్పుకోవలసింది చాకిరేవు. సైనికుల దుప్పట్లూ చొక్కాలూ సరైన ఉతుకు లేక పేలతో, మలంతో పడి ఉంటే, ఆమె ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, అందులో కాగులు పెట్టించి, మొగుళ్ల వెంట వచ్చి దిక్కులేకుండా ఉన్న సిపాయిల పెళ్లాలను కూలికి పెట్టి వేడినీళ్ల ఉతుకు మొదలుపెట్టింది. లిటన్ స్ట్రాచీ 1918లో 'ఎమినెంట్ విక్టోరియన్స్'లో ఆమె దేవతారూపాన్ని పగలగొడుతూ ఈ సంగతీ చెప్పాడు. అయినా నిలిచింది దీపమే. దీపం పట్టుకోవడానికి ఒక స్త్రీ చాలు, అందంగా ఉంటుంది. కాగుల దగ్గర చాలామంది కావాలి, పొగ ఉంటుంది, కూలి లెక్కలుంటాయి. ఆ సిపాయి పెళ్లాల్లో ఒక్కరి పేరైనా ఏ కవితలోకీ రాలేదు.

మన వైపు ఈ కథ కులం లేకుండా నడవదు. కాన్పు బట్టలు, ముట్టు బట్టలు, చావు బట్టలు ఊళ్లో ఎవరు ఉతికేవారో అందరికీ తెలుసు. మంత్రసాని పని, మైల మోసే పని, మైల ఉతికే పని మాదిగ, మంగలి, చాకలి స్త్రీలవి. చౌడులో ముంచి, ఉబ్బకు వేసి, బండకేసి కొట్టి చాకలి స్త్రీ తెచ్చిన బట్ట ఊళ్లో అన్నిటికన్నా శుభ్రమైన బట్ట. కానీ మడి కట్టుకునే ఇంట్లో అది మడి కాదు. మళ్లీ నీళ్లలో జాడించి, ఎవరూ తాకకుండా ఆరేస్తే తప్ప. శుభ్రం వేరు, మడి వేరు అనే ఈ తేడా మన బుర్రల్లో ఎంత లోతుగా ఉందంటే, ఆస్పత్రి వచ్చాక కూడా పోలేదు, వేషం మార్చుకుంది.

1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు ఆనా కుగ్లర్ 1898లో స్త్రీలకోసం ఆస్పత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆస్పత్రుల ద్వారానే తెలుగుదేశంలో దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు చాలామంది నర్సింగులోకి వచ్చారు. అంటరాని పనిగా మిగతా కులాలు వదిలేసిన దాన్ని వాళ్లు చదువుగా, జీతంగా, తెల్లబట్టగా మార్చుకున్నారు. ఊళ్లో తెల్లగా ఉతికిన బట్ట కట్టుకుంటే కళ్లెర్రజేసిన వాళ్ల మధ్య నుంచి వచ్చిన అమ్మాయి గంజి పెట్టిన తెల్లచీరలో వార్డులోకి నడిచి రావడమంటే ఏమిటో తక్కువగా అంచనా వెయ్యలేం. అందుకే నర్సు యూనిఫాంని కేవలం క్రమశిక్షణ సాధనంగా, పితృస్వామ్యం తొడిగిన ముసుగుగా చదివే వ్యాసాలతో నాకు పేచీ. అలా చదవడం పూర్తి తప్పని కాదు. ఆ బట్ట ఎవరు కట్టుకున్నారన్నది మర్చిపోయి చదవడం కుదరదు.

మా అమ్మ కోస్తాలో ఒక ప్రభుత్వాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమె దగ్గర ఉతుకు గురించి ఉన్న జ్ఞానం నా పిహెచ్.డి.లో ఎక్కడా పట్టలేదు. నెత్తురు మరకని ముందు చన్నీళ్లలోనే నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే బట్టలోకి ఇంకి కూచుంటుంది. క్లోర్‌హెక్సిడిన్ మందు పడ్డ చోట బ్లీచింగ్ తగలనివ్వకూడదు, గోధుమరంగు మరక తేలుతుంది, ఇక పోదు. పోవిడోన్ అయోడిన్ వెంటనే జాడిస్తే వదులుతుంది, ఎండితే సతాయిస్తుంది. సిల్వర్ నైట్రేట్ చుక్క మొదట కనిపించదు, ఎండ తగిలాక నల్లబడుతుంది. ఆ తర్వాత నీలం, గంజి, ఇస్త్రీ. మరక కనపడితే మేట్రన్ అందరి ముందూ తిట్టేది. డ్యూటీ అయ్యాక ఆమె దొడ్డిగుమ్మంలోంచే ఇంట్లోకి వచ్చేది. యూనిఫాంకి వేరే బకెట్, వేరే దండెం.

ఒకసారి చేతికి దెబ్బ తగిలి ఉతుక్కోలేక, వీధిలో బట్టలు ఉతికే ఆమెని అడిగింది. "అయ్యో సిస్టరమ్మా, మీ ఇంటి బట్టలైతే ఏస్తాను గానీ ఆస్పత్రి చీరలొద్దమ్మా. నా రేవులో చూశారంటే మిగతా ఇళ్లోళ్లు నాకు బట్టలెయ్యరు" అందామె. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఎడంచేత్తో తనే ఉతుక్కుంది. ఆ ఇళ్లవాళ్ల భయం క్రిములకా, కులానికా? మా కులం వాళ్లకి తెలుసు. క్షయ వార్డు ఎక్కడుందో కూడా తెలుసు. ఒకదాన్ని అడ్డం పెట్టుకుని ఇంకోటి బతకడం ఇలాగే. ఊరి మైలంతా ఉతికిన కులపు స్త్రీ, ఆస్పత్రి మైల మోసే స్త్రీ ఎదురెదురుగా నిలబడితే, కాదనాల్సి వచ్చిన ఆమె పరిస్థితి కూడా నాకు అమ్మ పరిస్థితి కన్నా మెరుగ్గా కనిపించదు.

ప్రభుత్వ కాగితాల్లో ఈ పనికి ఒకప్పుడు పేరన్నా ఉండేది. కేంద్ర ప్రభుత్వ నర్సులకి ఆరో వేతన సంఘం దాకా యూనిఫాం అలవెన్సు వేరు, వాషింగ్ అలవెన్సు వేరు. ఏడో వేతన సంఘం సిఫార్సుల మీద 2017లో అవన్నీ డ్రెస్ అలవెన్సు అనే ఒక్క పద్దులో కలిసిపోయాయి. మిగతా ఉద్యోగులకి ఏడాదికోసారి ఇచ్చే ఆ సొమ్ముని నర్సులకి మాత్రం నెలనెలా ఇవ్వాలని నిర్ణయించారు. కారణం, వాళ్ల యూనిఫాంకి నిర్వహణ, పరిశుభ్రత అవసరాలు ఎక్కువట. మంచి నిర్ణయమే. అయితే ఆ పరిశుభ్రత ఎలా వస్తుందో చెప్పే మాట మాత్రం పద్దులోంచి పోయింది. రోజూ ఉతికితేనే కదా పరిశుభ్రత. అంతకు ముందు ఏడాది స్టాఫ్ నర్సు పేరుని నర్సింగ్ ఆఫీసర్ చేశారు. పేర్లు గౌరవంగా మారుతున్న కొద్దీ బకెట్ ఇంట్లోకి జరుగుతోంది.

ఇది మన దగ్గరే అనుకోవద్దు. మన అమ్మాయిలు వలస వెళ్లే బ్రిటన్‌లో 2007 సెప్టెంబరులో ఆరోగ్యశాఖ మోచేతుల కింద ఏ బట్టా ఉండకూడదంది. యూనిఫాం ఇంట్లో ఉతుక్కోవచ్చు, 60 డిగ్రీల్లో పది నిమిషాలు ఉతికితే దాదాపు క్రిములన్నీ పోతాయంది. 2025లో డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇళ్లలో వాడే ఆరు మోడళ్ల మెషీన్లు పరీక్షించి, త్వరగా ముగిసే సైకిల్‌లో సగం మెషీన్లు బట్టల్ని క్రిమిరహితం చెయ్యలేకపోయాయని 'ప్లాస్ వన్'లో ప్రచురించారు. వార్త వచ్చిన చోటల్లా నర్సులు సరిగ్గా ఉతకడం లేదన్న ధ్వని వినిపించింది. మెషీన్ ఆమెది, కరెంటు ఆమెది, వేళ ఆమెది. ఇప్పుడు తప్పు కూడా ఆమెదే.

మన సాహిత్యం ఈ పనిని ఎక్కడ పెట్టింది? విమల 'వంటిల్లు' వంటగదిని తెలుగు కవిత్వంలో రాజకీయ స్థలం చేసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' ప్రసవవేదనని కవిత్వంలోకి ధైర్యంగా తెచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల గొంతుల్ని ఒకచోట చేర్చి, స్త్రీ అంటే ఎవరని మనందరినీ నిలదీసింది. వీటన్నిటికీ రుణపడి ఉండే ఈ మాట అంటున్నాను. ఆస్పత్రిలో మన రచయిత్రులు ఎక్కువగా మంచం మీద నుంచి మాట్లాడారు. మంచం పక్కన నిలబడ్డ మనిషి, ఆమె బట్ట, ఆ బట్ట ఉతికే మనిషి మన చూపు అంచులోనే ఉండిపోయారు. సానుభూతితో రాసిన కథల్లో కూడా నర్సు విసుక్కునే మనిషిగానో, చల్లని తల్లిగానో వచ్చి పోతుంది.

అందుకని నేను ఎక్కడో దూరంగా ఉన్న రెండు పుస్తకాలు కలిపి చదువుతూ ఉంటాను. లూయీసా మే ఆల్కాట్ ('లిటిల్ విమెన్' రచయిత్రే) 1862 డిసెంబరులో వాషింగ్టన్ పక్కన జార్జ్‌టౌన్ సైనికాస్పత్రిలో నర్సుగా చేరింది. ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధం నుంచి బురదతో, గాయాలతో వచ్చిన సిపాయిలకి స్నానం చేయించడం ఆమెకి అప్పజెప్పిన మొదటి పని. బేసిన్, స్పాంజి, సబ్బుముద్ద చేతికిస్తే పెళ్లికాని మర్యాదస్తురాలు ఎలా బిగుసుకుపోయిందో 1863లో అచ్చయిన 'హాస్పిటల్ స్కెచెస్'లో నవ్వు పుట్టేలా రాసింది. ఆరు వారాలకే టైఫాయిడ్ వచ్చి ఇంటికి వెళ్లిపోయింది. ఆ జ్వరానికి వాడిన పాదరసం మందు ఆమె ఆరోగ్యాన్ని చెడగొట్టింది. ఆమె పడ్డ కష్టాన్ని తక్కువ చెయ్యను. కానీ చదువుతున్నంతసేపూ, ఆ సబ్బునీళ్ల తర్వాత కుప్పపడిన బట్టలు ఎటు పోయాయి అని అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నకి నాకు జవాబు ఇచ్చింది ఇంకో స్త్రీ.

సూసీ కింగ్ టేలర్ 1848లో జార్జియాలో బానిసగా పుట్టింది. చాటుగా చదువుకుంది. 1862లో, పద్నాలుగేళ్ల వయసులో, విముక్తులైన నల్ల సిపాయిల దళంలో చేరింది. రిజిస్టరులో ఆమెని రాసుకున్నది చాకలిగా. తను ఉతికింది తక్కువేనని, శిబిరంలో ఇంకా చాలా పనులు మీదపడ్డాయని ఆమే రాసింది. గాయపడిన వాళ్లకి కట్లు కట్టింది. మసూచి సోకిన సిపాయి దగ్గర కూచుంది. చదువురాని వాళ్లకి అక్షరాలు నేర్పింది. తుపాకీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం నేర్చుకుంది. నాలుగేళ్ల పైన పనిచేస్తే ఒక్క డాలరు కూడా ముట్టలేదు. ఆల్కాట్ ఆరు వారాల పుస్తకం ఆ ఏడే వచ్చింది. టేలర్ నాలుగేళ్ల పుస్తకం నలభై ఏళ్ల తర్వాత, 1902లో, ఆమె సొంతంగా వేసుకుంటే వచ్చింది.

జేన్ షుల్ట్జ్ 2004లో ప్రచురించిన 'విమెన్ ఎట్ ది ఫ్రంట్' చదివితే ఇది ఒక్క టేలర్ సంగతి కాదని అర్థమవుతుంది. ఆ యుద్ధంలో ఆస్పత్రుల పనికి జీతపు పట్టీల్లోకెక్కిన స్త్రీలు ఇరవై వేల పైన. చేసే పని ఒకటే అయినా తెల్ల స్త్రీలని నర్సులనీ, నల్ల స్త్రీలని వంటవాళ్లు, చాకళ్లు అనీ రాసుకునే అలవాటు ఉండేది. 1892లో అమెరికా కాంగ్రెసు యుద్ధ నర్సులకి నెలకి 12 డాలర్ల పెన్షను ఇస్తూ చట్టం చేసినప్పుడు ఆ పాత రాతే తీర్పు అయింది. పట్టీలో ఏమని రాసి ఉంటే అదే నిజం. టేలర్ పుస్తకం ముందు ఆ దళంలో అధికారిగా చేసిన ట్రోబ్రిడ్జ్ ఉత్తరం ఒకటి అచ్చయింది. సాంకేతిక కారణంగా ఆమె పేరు ఆర్మీ నర్సుల పెన్షన్ల జాబితాలో చేరలేకపోయినందుకు అందులో విచారం వెలిబుచ్చాడు. సాంకేతిక కారణమంటే ఆ ఒక్క మాట. చాకలి.

టేలర్ పుస్తకంలో ఈ విషయం మీద ఫిర్యాదు చాలా తక్కువ. దాన్ని వినయమని కొందరు విమర్శకులు చదవచ్చు, నేను అలా చదవను. ఆమె ఉతుకునీ, నర్సు పనినీ, చదువు చెప్పడాన్నీ, తుపాకీ తుడవడాన్నీ ఒకదాని పక్కన ఒకటి, ఒకే గొంతుతో చెప్పుకుంటూ పోతుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనే వరస ఆ వాక్యాల్లో లేదు. పట్టీ రాసినవాడి వర్గీకరణని ఆమె ఖండించలేదు, తన వచనంలోకి రానివ్వలేదు. 1866లో భర్త చనిపోయాడు. పెట్టుకున్న బడి నడవలేదు. తర్వాత డబ్బున్న ఇళ్లలో పనికి కుదిరింది. 1886లో బోస్టన్‌లో మాజీ సైనికుల సహాయం కోసం విమెన్స్ రిలీఫ్ కోర్ శాఖ పెట్టినవాళ్లలో ఆమె ఒకతి. పుస్తకానికి పేరు పెట్టే వేళకి ఆమె ముందు చాలా మాటలున్నాయి. నర్సు అని పెట్టుకోవచ్చు, టీచరని పెట్టుకోవచ్చు. ఆమె పెట్టింది దళం పేరు. 33వ అమెరికా నల్లజాతి సైనిక దళంతో శిబిరంలో నా జీవిత జ్ఞాపకాలు.